మొదట ఠాణా, ఆ తర్వాతే దళం

కిందటి వేసంగిలో ఓ రాత్రి మా హాస్టల్లో కరెంటు పోయింది. డాబా మీద చాపలు పరుచుకుని కూర్చున్న ఏడెనిమిది మందిమి, పొద్దుపోక ఓ ఆట మొదలెట్టాం. ఆట ఏమిటయ్యా అంటే, సముద్రం మధ్యన ఓ దీవిని కల్పించడం, దానికో రాజ్యం కట్టడం. ఒకడు రాజ్యాంగం తీసుకున్నాడు. ఇంకొకడు ఖజానా పుచ్చుకున్నాడు. నా వంతుకి పోలీసు శాఖ వచ్చింది.

తీరా చూస్తే అందరికీ నా శాఖ మీదే మోజు! "కమెండోలు పెట్టరా" అన్నాడొకడు. "దీవి కదరా, తీర రక్షక దళం లేకపోతే ఎలా?" అన్నాడు ఇంకొకడు. హెలికాప్టర్లు వచ్చాయి. మాదకద్రవ్యాల దళం వచ్చింది. జాగిలాలు వచ్చాయి. అల్లర్లు అణచడానికొకటి, మంత్రుల వెంట తిరగడానికొకటి, బాంబులు తీయడానికొకటి... తెల్లారేసరికి పదకొండు దళాలతో పెద్ద చార్టు తయారయింది. మర్నాడు దాన్ని గర్వంగా తీసుకెళ్ళి మా లెక్చరరు గారికి చూపించాం. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, పైనుంచి కిందికి ఒకసారి చూసి, "బాగానే వుందయ్యా. మరి స్టేషన్లో రైటరెవరు? ఓ ముసలమ్మ మేక పోయిందని వస్తుంది. ఆ కంప్లయింటు ఎవరు రాసుకుంటారు?" అన్నారు.

మా దగ్గర జవాబు లేదు. పదకొండు దళాల ఆ చార్టులో అసలు పోలీసు స్టేషనే లేదు.

నవ్వులాటకి మొదలయిన ఆ విషయం నన్ను చాలా రోజులు వదల్లేదు. పోలీసు అనగానే మనకి దళాలే ఎందుకు గుర్తుకొస్తాయి? ఠాణా ఎందుకు గుర్తుకు రాదు? నిజంగా ఓ చిన్న దీవి దేశం తన పోలీసుల్ని ఎలా ఏర్పాటు చేసుకుంటుంది? ఈ ప్రశ్నలతో వెతుక్కుంటూ పోతే మన వాళ్ళున్న దీవే దొరికింది. అది మారిషస్. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన దేశం, ఉగాదికి సెలవిచ్చే దేశం.

మారిషస్ విస్తీర్ణం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. మన పాత గుంటూరు జిల్లాలో అయిదో వంతు కూడా లేదు. జనాభా పన్నెండున్నర లక్షలకు కాస్త అటూ ఇటూ. 1968 మార్చి 12న స్వతంత్రమయింది. విశేషమేమిటంటే ఈ దేశానికి సైన్యం లేదు. సైన్యం చేయవలసిన పనీ, తీరం కాచే పనీ, దొంగల్ని పట్టే పనీ అన్నీ ఒకే పోలీసు శాఖ నెత్తిన వున్నాయి. అందరి మీదా ఒక్కడే కమీషనరు. ఆయన కింద మామూలు ఠాణాలు ఒక వైపు, మేము చార్టులో గీసిన దళాలు దాదాపు అన్నీ ఇంకో వైపు!

అందులో పెద్దది స్పెషల్ మొబైల్ ఫోర్స్. బ్రిటిషు వాళ్ళ ఆఫ్రికన్ రైఫిల్స్ పటాలం దీవి వదిలి వెళ్ళినప్పుడు, ఆ ఖాళీ పూరించడానికి 1960లో దీన్ని పెట్టారు. కవాతు, ఆయుధాలు, సాయుధ వాహనాలు అన్నీ సైన్యం తరహాలోనే వుంటాయి. కాని అందులోని మనుషులు పోలీసులే. మామూలు శాఖ నుంచి అక్కడికి వెళతారు, మళ్ళీ మామూలు శాఖకి తిరిగొస్తారు. 1987లో ఏర్పడ్డ నేషనల్ కోస్ట్ గార్డ్ కూడా ఈ శాఖలో భాగమే. దాని 'బారాకుడా' నౌకని కలకత్తాలో మన గార్డెన్ రీచ్ కార్ఖానావాళ్ళు కట్టి ఇచ్చారు. హెలికాప్టరు దళంలో మన హిందూస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేసిన చేతక్, ధ్రువ్‌లు ఎగురుతాయి. ఇవిగాక మాదకద్రవ్యాల దళం, ఉగ్రవాదుల్ని ఎదుర్కొనే కమెండోలు, అల్లర్లని అదుపు చేసే దళం వేరే వున్నాయి.

ఇందులో మెచ్చుకోదగింది లేకపోలేదు. సైన్యమంటూ వేరే లేని చోట సైనిక తిరుగుబాటు భయం తక్కువ. తుపాను వచ్చిందంటే రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్లు తీసేదీ, మునిగిన ఇళ్ళలోంచి జనాన్ని మోసుకొచ్చేదీ ఆ మొబైల్ ఫోర్సు వాళ్ళే. తుపానులంటే ఏమిటో కోస్తా వాళ్ళం మనకెవరూ చెప్పనక్కర్లేదు గదా! అటువంటి వేళ శిక్షణ పొందిన దళం విలువ దాని సాయం పొందినవాడికే తెలుస్తుంది. కనుక దళాలే వద్దని నేననడం లేదు. నా మాట వేరు.

ఆ మాట చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1834 నుంచి మన దేశపు కూలీలు చెరకు తోటల్లో పనికని ఒప్పందాల మీద ఆ దీవికి వెళ్ళారు. ఉత్తరాది వాళ్ళు, తమిళులు, మరాఠీలు, వాళ్ళతోపాటు కాకినాడ పక్కనున్న మన కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగు వాళ్ళు. అందుకే అక్కడ తెలుగు వాళ్ళకి 'కొరంగీలు' అని పేరొచ్చింది. ఒప్పందం గడువు తీరినవాడు స్వేచ్ఛగా బతకొచ్చని చట్టంలో వుంది. వాస్తవంలో 1867 నాటి శాసనం ప్రకారం అటువంటివాడు ఫొటో అంటించిన టిక్కెట్టు ఎప్పుడూ వెంట పెట్టుకు తిరగాలి. అది లేకుండా పోలీసుకి కనిపించాడా, దేశదిమ్మరి కింద అరెస్టే! పనికి పోతున్నవాణ్ణీ, చుట్టాన్ని చూడబోతున్నవాణ్ణీ కూడా దారికాచి పట్టుకునేవారు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోటల నిర్వాహకుడు మనసు చలించి, తొమ్మిది వేలమందికి పైగా పాత కూలీల సంతకాలతో గవర్నరుకి మహజరు ఇప్పించాడు. దాని ఫలితంగా రాయల్ కమీషన్ వచ్చి, విచారించి, 1875లో నివేదిక ఇచ్చింది. కూలీల మీద జరుగుతున్న అన్యాయాలు అందులో బయటపడ్డాయి.

ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, ఆ కోరంగి కూలీకి పోలీసంటే ఎవరు? కాగితం అడిగేవాడు. అంతేగాని తన మొర వినేవాడు కాదు. ఏ పోలీసు శాఖ పుట్టుకలోనయినా ఈ రెండు ముఖాలూ వుంటాయి. అడిగే ముఖం, వినే ముఖం. దళాలు పెరిగేకొద్దీ అడిగే ముఖం పెద్దదవుతుంది. వినే ముఖం ఠాణాలో వుండాలి. ఆ ఠాణాని మనం మరిచిపోయామా, దేశం స్వతంత్రమయినా కూలీకి మాత్రం పాత పోలీసే మిగులుతాడు.

1999 ఫిబ్రవరిలో మారిషస్‌కి ఇదే అనుభవమయింది. కాయా అనే పేరుతో ప్రసిద్ధుడైన గాయకుడు అక్కడి పేదల ఇళ్ళలో అందరికీ తెలిసినవాడు. అక్కడి సెగా పాటనీ, రెగ్గేనీ కలిపి 'సెగ్గే' అనే బాణీకి ప్రాణం పోశాడు. ఓ సభలో గంజాయి తాగాడని అతన్ని అరెస్టు చేశారు. ఫిబ్రవరి 21న రాజధాని పోర్ట్ లూయీలోని పోలీసు ప్రధాన కార్యాలయపు లాకప్పులో అతను శవమై కనిపించాడు. దీవి అంటుకుంది. కొన్ని రోజులపాటు అల్లర్లు, కాల్పులు, మరికొన్ని చావులు. దళాలన్నీ వీధుల్లోకి వచ్చాయి. ఒక్క లాకప్పు గదిలో ఓ మనిషి ప్రాణానికి పూచీ లేకపోవడం వల్ల వచ్చిన మంటని ఆర్పడానికి ఎన్ని దళాలు కావలసి వచ్చాయో చూడండి! ఆ గదిని సరిగ్గా చూసుకునే ఒక్క మంచి హెడ్ కానిస్టేబులు వుంటే ఇంత అవసరముండేదా?

ఇంకోటి చూద్దాం. 2020 జూలై 25న 'వకాషియో' అనే భారీ ఓడ ఆ దీవి ఆగ్నేయ తీరాన పగడాల దిబ్బ నెక్కింది. తీరమంతా రాడార్లు వున్నాయి. కోస్ట్ గార్డ్ వుంది, హెలికాప్టర్లు వున్నాయి. అయినా ఆ ఓడ ఒడ్డుకి రాకుండా ఆగలేదు. పన్నెండు రోజుల తర్వాత చమురు కారడం మొదలయింది. సుమారు వెయ్యి టన్నులు నీటి పాలయింది. అప్పుడు జనమే కదిలి, చెరకాకు గోనెల్లో కుక్కి, బారులు కట్టి సముద్రంలోకి దింపి చమురు నాపడానికి పూనుకున్నారు. పరికరాలున్నంత మాత్రాన కాపలా వున్నట్టు కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

"అలాగయితే స్మగ్లర్లనీ, ఉగ్రవాదులనీ లాఠీలతో పట్టుకుంటావా?" అని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఇంకో దీవిలో వుంది. ఐస్‌లాండ్‌కీ సైన్యం లేదు. జనాభా నాలుగు లక్షల లోపు. అక్కడ గస్తీ తిరిగే మామూలు పోలీసు నడుముకి తుపాకి వుండదు. ఆయుధాల అవసరం పడితే 1982లో పెట్టిన ఓ చిన్న ప్రత్యేక దళం వుంది. 'వైకింగ్ దళం' అంటారు దాన్ని. 2013 డిసెంబరు 2న ఆ దేశ పోలీసుల తుపాకి దెబ్బకి ఓ మనిషి చనిపోయాడు. ఆ గణతంత్ర చరిత్రలో అదే మొదటిసారి. చనిపోయినవాడు పోలీసుల మీద కాల్పులు జరిపినవాడే. అయినా పోలీసు అధిపతి అతని కుటుంబానికి సానుభూతి తెలిపి విచారం వెలిబుచ్చాడు. దళం వుండొచ్చు. అది చిన్నదిగా వుండాలి, దాని చేతిలో పోయిన ప్రాణానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

మారిషస్ మాత్రం పాఠం నేర్చుకోలేదా అంటే, ఆలస్యంగానయినా ఓ అడుగు వేసింది. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి స్వతంత్ర కమీషన్ కోసం 2016లో చట్టం చేసింది. 2018లో అది పని మొదలెట్టింది. అంతటితో అంతా బాగయిపోలేదు. 2022లో నిందితుల్ని హింసిస్తున్నట్టున్న వీడియోలు బయటికొచ్చి పెద్ద గొడవయింది. చట్టం ఒక్కటే చాలదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇక మన ఇంటి సంగతి. మనం దీవి కాకపోయినా మన జబ్బూ అదే. ఏదో ఘోరం జరుగుతుంది. పత్రికలు గోల పెడతాయి. వెంటనే ఓ కొత్త దళం, దానికో ఇంగ్లీషు పేరు, కొత్త జీపులు. 1989లో గ్రేహౌండ్స్ వచ్చింది. 2007లో ఆక్టోపస్ వచ్చింది. 2014లో తెలంగాణాలో షీ టీమ్స్ వచ్చాయి. వాటి అవసరం వాటికి వుండొచ్చు. కాని అరెస్టయినవాడి హక్కుల గురించి డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పిన నియమాలు అమలయ్యేదీ, కాకపోయేదీ ఏ దళంలో? మన పక్క వీధి ఠాణాలో! ప్రకాష్ సింగ్ కేసులో 2006లో అదే కోర్టు, నేర పరిశోధననీ శాంతిభద్రతల పనినీ వేరుచేయమంది, పోలీసుల మీద ఫిర్యాదులు వినే అథారిటీలు పెట్టమంది. ఈ తీర్పుల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? కమెండోల సినిమాలయితే అందరం చూశాం.

నా అభిప్రాయం మూడు ముక్కల్లో చెబుతాను. ఒకటి, ప్రత్యేక దళంలో చేరినవాడు ఎవడయినా కొన్నేళ్ళకి ఠాణాకి తిరిగిరావాలి. జనం మొహాలు మరిచిపోయినవాడి చేతిలో తుపాకి మంచిది కాదు. ఈ ఒక్క విషయంలో మారిషస్ పద్ధతి మనం నేర్చుకోదగింది. రెండు, ఏ దళం ఎవర్ని ఎప్పుడు పట్టుకుందో ఆ లెక్క అదే రోజున శాఖకి బయటివాడెవడో ఒకడు చూడాలి. మూడు, కొత్త దళానికి పైసా ఇచ్చేముందు ఠాణాలో కూర్చునేందుకు బల్లా, తాగేందుకు నీళ్ళూ, ఫిర్యాదు ఓపిగ్గా వినే మనిషీ వున్నారా అని అడగాలి.

అడగవలసింది ఎవరు? మనమే. రేపు మనలో కొందరు గ్రూపు పరీక్షలు రాసి ఆ శాఖలోకే వెళతారు. కొందరు లాయర్లవుతారు, కొందరు విలేఖరులవుతారు. మిగిలినవాళ్ళం ఎప్పుడో ఓ సైకిలు పోయిందనో, ఓ తమ్ముడింకా ఇంటికి రాలేదనో ఆ మెట్లెక్కవలసిన వాళ్ళమే. ఆ వేళ మనకి హెలికాప్టరు అక్కర్లేదు. "కూర్చోండి, ఏం జరిగిందో చెప్పండి" అనే మనిషి కావాలి.

ఆ చార్టుని మొన్న మళ్ళీ గీశాం. ఈసారి అన్నిటికన్నా ముందు ఠాణా గీశాం, అందులో రైటరుని కూర్చోబెట్టాం, ఎదురుగా ముసలమ్మకి ఓ కుర్చీ వేశాం. దళాలు నాలుగుకి తగ్గాయి. ఖజానా మంత్రి మిత్రుడు కూడా సంతోషించాడు.