సర్వరుకు వ్రాతప్రతి ఏది?



గత టపా క్రింద ఒక మిత్రులు వ్యాఖ్య వ్రాస్తూ, "పద్యాలు చెప్పుకోవలసిన వయస్సులో మీకీ సర్వర్ల గొడవ ఎందుకు మాస్టారూ? అది కుర్రవాళ్ళ విద్య. మేఘంలో పెట్టేస్తే అదే చూసుకుంటుంది" అని సెలవిచ్చినారు. వారి ఆప్యాయతకు సంతోషం. వారి మాట మాత్రం తప్పు. మెల్లగా చెబితే ఎవరూ వినరు గనుక గట్టిగానే చెబుతున్నాను: మేఘం ఏమీ చూసుకోదు.

ముందుగా ఆ పేరు సంగతి. క్లౌడు అన్న మాటను మేఘమని తెనిగించుకొని, అదేదో ఇంద్రుని అధీనంలో ఉండే వస్తువని మనం భ్రమపడుతున్నాం. అమెజాన్ వారు 2022 నవంబరులో హైదరాబాదులో తమ క్లౌడు ప్రాంతాన్ని తెరచినారు. అందులో మూడు వేర్వేరు మండలాలున్నవి. అవి నాలుగు గోడల మధ్య, కరెంటు తీగలతో, చల్లబరచే యంత్రాలతో నేలమీదనే ఉన్నవి. 2025 అక్టోబరులో గూగుల్ వారు విశాఖపట్నంలో ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు వెచ్చిస్తామని ప్రకటించినారే, అదీ నేలమీది సంగతే. నేలమీద ఉన్నది కాలుతుంది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని తేజోన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకొన్నవి. ఆ దేశపు ఉద్యోగులు తమ దస్త్రాలు దాచుకొనే జీ-డ్రైవు అందులోనే ఉన్నది. 858 టెరాబైట్లు బూడిదైనవి. వేరొకచోట ప్రతి లేదు. సాంకేతిక విద్యలో ప్రపంచానికి పాఠం చెప్పగల దేశమది!

తాళపత్రాల కాలంలో ఈ సంగతి మనవాళ్ళకు తెలుసు. ఒక్క ప్రతి మాత్రమే ఉన్న గ్రంథం చెదపురుగుల దయమీద బ్రతుకుతుంది. బ్రౌనుదొర ఒక్కొక్క కావ్యానికి ఎన్నో ప్రతులు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించినాడంటే ఊరకే కాదు.

అయితే నా వివాదం కేవలం ప్రతుల గురించి కాదు. ప్రతులు తీసుకోవాలని అందరూ అంటారు, కొందరు తీస్తారు కూడా. నేను అనేది అంతకంటె ఒక మెట్టు పైమాట. మన రచనలకు ప్రతి ఉన్నట్లే, ఆ రచనలను నిలబెట్టిన సర్వరుకు కూడా ఒక వ్రాతప్రతి ఉండాలి. అది లేని సర్వరు, డబ్బు మనమే కట్టుతున్నప్పటికీ, మనది కాదు.

ఒక ఉదాహరణ చెబుతాను. పేర్లు వద్దు. మాకు తెలిసిన సాహితీమిత్రులు కొందరు చందాలు వేసుకొని క్లౌడులో ఒక సర్వరు అద్దెకు తీసుకొన్నారు. వ్యాసాలు, అవధానాల ధ్వనిముద్రణలు, ఆరేళ్ళ శ్రమ అందులో చేరింది. దానిని నిలబెట్టిన కుర్రవాడు సమర్థుడే, మా బడిలో చదివినవాడే. కన్సోలు తెరచి, ఆ మీట ఈ మీట నొక్కి, ఒక సాయంత్రంలో నిలబెట్టినాడు. అందరం మెచ్చుకొన్నాం. తరువాత అతడు వేరే దేశం వెళ్ళినాడు. బిల్లు అతని కార్డుమీద. కార్డు గడువు తీరింది. హెచ్చరికలు అతని పాత మెయిలుకు పోయినవి. చివరకు ఖాతా ఆగిపోయి, సర్వరు పోయింది. ఎవరి దగ్గరో వ్యాసాల ప్రతులు కొన్ని దొరికినవి. తిరిగి నిలబెడదామని ఫోను చేస్తే, "మాస్టారండీ, ఏయే మీటలు నొక్కానో నాకే జ్ఞాపకం లేదండి" అన్నాడు. పాపం, నిజమే చెప్పినాడు. మీటలు నొక్కిన వ్రేళ్ళకు జ్ఞాపకం ఎక్కడిది?

ఈ కథ విని క్లౌడు కంపెనీని తిట్టేవారున్నారు. అద్దె కట్టకపోతే ఏ ఇంటి యజమాని ఊరుకొంటాడు? తప్పు అక్కడ లేదు. ఆరేళ్ళలో ఒక్క కాగితం మీద ఒక్క పంక్తి వ్రాసుకోకపోవడంలో ఉన్నది.

వ్రాసుకోవడమంటే ఏమిటో చెబుతాను. జడవకండి, ధాతుపాఠంకంటె సులభం. నా దగ్గర మూడు ఫైళ్ళున్నవి. మొదటిది టెర్రాఫారం అనే పనిముట్టుకు ఇచ్చే పత్రం: ఏ ప్రాంతంలో, ఎంత పరిమాణపు యంత్రం, ఎంత డిస్కు, ఏ ద్వారాలు తెరచి ఉంచాలి. 80, 443 సంఖ్యల ద్వారాలు లోకానికి. 22వది తాళంచెవి ఫైలు ఉన్నవారికి మాత్రమే. రెండవది ఆన్సిబుల్‌కు ఇచ్చేది: ఆ యంత్రం లోపల ఏయే సాఫ్ట్‌వేరు పెట్టాలి, ఏ అమరికలు చేయాలి. (సాహితీపరులు గమనించగలరు, ఆన్సిబుల్ అన్న పేరు 1966 నాటి ఉర్సులా లెగ్విన్ నవలలోనిది. లోకాంతరాలకు తత్‌క్షణం వార్త చేర్చే యంత్రం అది.) మూడవది ప్రతిరాత్రి రెండుగంటలకు డేటాబేసు ప్రతిని తీసి వేరొక ఊరికి, వేరొక కంపెనీ దగ్గరకు పంపే చిన్న స్క్రిప్టు. రహస్యపదాలు ఈ ఫైళ్ళలో వ్రాయరాదు. వాటిని విడిగా దాచుకోవాలి. తక్కినదంతా చదువుకోదగిన వ్రాతే.

ఆన్సిబుల్ వంటివాటిలో ఒక సుగుణమున్నది. దానిని పదిసార్లు నడిపినా ఒక్కసారి నడిపినట్లే. మొదటిసారి ఎన్‌జిన్‌ఎక్స్ లేకుంటే తెచ్చి పెడుతుంది, రెండవసారి ఉన్నదని చూచి వదలిపెడుతుంది. వ్యాకరణం చదువుకొన్నవారికి పర్జన్యన్యాయం గుర్తుకు రావాలి. మేఘం ఎండిన చేనుపై ఎట్లా కురుస్తుందో నిండిన చెరువుపైన కూడా అట్లాగే కురుస్తుంది. సూత్రం కూడా తన అవసరం ఉన్నదా లేదా అని చూడకుండా ప్రవర్తిస్తుంది, ఫలితం చెడదు. ఈ పనిముట్టు ముందు చూచి ఆగుతుంది, సూత్రం కురిసి ఊరుకొంటుంది, తేడా అంతే. మన వ్యాఖ్యాతగారు మేఘమన్నప్పుడు ఈ మేఘాన్ని తలచుకొని ఉంటే నాకు ఈ టపా వ్రాసే శ్రమ తప్పేది.

ఇక రెండవ పక్షం. "యంత్రానికి అప్పగిస్తే యంత్రమే కొంప ముంచుతుంది కదా" అంటారు. ముంచుతుంది. 2024 మే నెలలో ఆస్ట్రేలియాలో యూనీసూపర్ అనే పింఛనునిధివారి ప్రైవేటు క్లౌడు గూగుల్ క్లౌడులో తుడిచిపెట్టుకుపోయింది. సభ్యులు 6 లక్షలకు పైన. కారణం వింటే పరీక్షపత్రాలు దిద్దినవాడికి నవ్వు, ఏడుపు రెండూ వస్తాయి. ఏర్పాటు చేసేటప్పుడు కంపెనీవారే ఒక గడిని ఖాళీగా వదిలినారు. ఖాళీ గనుక గడువు ఒక సంవత్సరమని యంత్రం తనంతట అనుకొన్నది. సంవత్సరం తీరగానే దానంతట అదే చెరిపివేసింది. విడిగా దాచిన ప్రతులుండబట్టి ఆ నిధివారు బయటపడినారు. 2025 అక్టోబరు 20న అమెరికాలో అమెజాన్ వారి సేవలు స్తంభించినదీ ఇట్లాంటి కారణానే: చిరునామాల పట్టికను దిద్దే రెండు స్వయంచాలక ప్రక్రియలు ఒకదానినొకటి త్రొక్కుకొని, పట్టికలో ఒక పద్దును ఖాళీ చేసినవి.

దీనివలన స్వయంచాలనం చెడ్డదని తేలలేదు. చదవకుండా నడపడం చెడ్డదని తేలింది. మా పశ్చిమడెల్టా కాలువల లాకులమీద లస్కర్లు పనిచేస్తారు. ఏ తలుపు ఎంత ఎత్తాలో పైనుండి ఆదేశం వస్తుంది. లస్కరు తన జ్ఞాపకాన్నిబట్టి తలుపు ఎత్తితే దిగువ చేలు మునుగుతాయి. ఆదేశం తప్పుగా వ్రాసినా మునుగుతాయి. అయితే వ్రాసిన తప్పును ఇంకొకడు చదివి పట్టుకోగలడు. జ్ఞాపకంలోని తప్పును పట్టుకొనేవాడెవడు?

"ఇప్పుడు కృత్రిమ మేధను అడిగితే ఆ ఫైళ్ళు అదే వ్రాసిపెడుతుంది" అని మా మనుమడు అంటాడు. వ్రాయనీ. గైడు చూచి వ్రాసిన సమాధానాలను ముప్ఫై ఏళ్ళు దిద్దినవాణ్ణి. వ్రాసినవాడు తన వ్రాతలోని ఒక పంక్తి చూపించి అర్థమడిగితే చెప్పగలగాలి. చెప్పగలిగితే ఎవరు వ్రాసినా నాకు సమ్మతమే.

"ఇన్ని చెబుతున్న మీ బ్లాగు ఉచితపు పంచలోనే ఉన్నది కదా" అని మీరడుగుతారు. ఉన్నది. మీరంతా ఇక్కడికి రావడానికి అలవాటుపడినారు గనుక ఉన్నది. మూలప్రతి మాత్రం ఇక్కడ లేదు. నా సర్వరులో ఉన్నది, దాని ప్రతి వేరొకచోట ఉన్నది. ఉచితపు పంచలు ఎట్లా కూలుతాయో మనకు చెప్పనక్కరలేదు. జియోసిటీస్ 2009లో పోయింది. యాహూ గుంపులు 2020 డిసెంబరు 15న మూతపడినవి. రచ్చబండ, ఛందస్సు గుంపులలో గణాలమీద, పాఠాంతరాలమీద ఎంతటి చర్చలు జరిగినవో పాతవారికి తెలుసు. ఆ చర్చలలో మెయిలుపెట్టెలలో దాచుకొన్నవారికి దక్కినవే దక్కినవి.

అందుచేత నా సవాలు ఒకటి. మీలో సొంత సర్వరున్నవారు ఒక ఆదివారం, మీ ప్రతులు సరిగా ఉన్నవని చూచుకొని, పాతదానిని ముట్టుకోకుండా, వేరే యంత్రంమీద ఆ ఫైళ్ళనుండే మీ సైటును మళ్ళీ నిలబెట్టి చూడండి. మీటలు నొక్కరాదు, జ్ఞాపకం వాడరాదు. నేను మూడునెలలకొకసారి చేస్తాను. కాఫీ త్రాగి వచ్చేసరికి లేచి కూర్చుంటుంది. ఆ యంత్రాన్ని సాయంత్రానికి తీసివేస్తే అద్దె కూడా స్వల్పమే. బిల్లు ఎవరి కార్డుమీద ఉన్నదో, తాళంచెవి ఫైలు ఎక్కడున్నదో ఒక కాగితంమీద వ్రాసి ఇంట్లో ఇద్దరికి చెప్పి ఉంచండి. నా మూడు ఫైళ్ళు కావలసినవారు వ్యాఖ్యలో అడిగితే పంపుతాను. తెలుగులో వివరణలు కూడా వ్రాసి ఉంచినాను, అచ్చుతప్పులుంటే చెప్పగలరు.