కాలువలో దిగిన గొట్టాలు – బాగుచేసే ఖర్చు ఎవరిది?

కాలువలు వదలగానే మన డెల్టా ఊళ్లలో రెండు పనులు మొదలవుతాయి. మనం ఆకుమడికి నీళ్లు పెట్టుకుంటాం. పంచాయతీ మంచినీళ్ల చెరువు నింపుకుంటుంది. రెండింటికీ అదే కాలువ. ఒకసారి ఆ కాలువ గట్టు వెంట నడిచి చూడండి. సెప్టిక్ ట్యాంకుల గొట్టాలు ఎన్ని నీళ్లలోకి దిగి ఉన్నాయో కనబడుతుంది. ఎగువ ఊరు వదిలింది మనం తాగుతున్నాం. మనం వదిలింది దిగువ ఊరు తాగుతోంది.

సెప్టిక్ ట్యాంకు ఉంటే చాలనుకోవడం పొరపాటు. మడ్డి అడుగున నిలుస్తుంది, పైనీరు మాత్రం రోగక్రిములతోనే బయటికొస్తుంది. ఆ నీరు ఇంకుడు గుంతలోకి పోవాలి. రెండు మూడేళ్లకోసారి మడ్డి తీయించాలి. లేదంటే అదీ కాలువలోకే వస్తుంది. ఆ నీళ్లు పారిన చేలో వంగి ఊడ్పులు వేసేది మన ఇంటి ఆడవాళ్లు, కూలీలు.

2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైంది. మరుగుదొడ్డి కట్టుకుంటే ఇంటికి 12,000 రూపాయలు ఇచ్చారు. మంచి పనే. కానీ మన బంకమట్టిలో నీరు తొందరగా ఇంకదు. వానాకాలంలో కాస్త తవ్వితే ఊట. ఇలాంటి చోట గుంతను నేలకంటే ఎత్తులో కట్టి, చుట్టూ ఇసుక పోయాలి. ఆ ఖర్చు 12,000లో ఎక్కడ సరిపోతుంది? గట్టు మీద గుడిసె వేసుకున్న కూలీకి గుంతకు జాగాయే లేదు. అతనికి నోటీసు ఇస్తే కాలువ బాగుపడదు.

డబ్బుకు దారి లేకపోలేదు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలని షరతు పెట్టింది. ఇకపై వచ్చే నిధుల్లోనూ ఈ పనికి వాటా ఉండాలి. అందుకే మనం అడిగేవి ఇవీ:

1. కట్టడానికే కాదు, ఉన్నది సరిచేసుకోవడానికీ సాయం ఇవ్వాలి. కూలీలకు, కౌలురైతులకు, సన్నకారు రైతులకు ముందు అందాలి.

2. జాగా లేనిచోట కొన్ని ఇళ్లకు కలిపి ఉమ్మడి ట్యాంకు, మురుగుశుద్ధి ఏర్పాటు ప్రభుత్వమే కట్టాలి.

3. మడ్డి తీసే బండి మండలానికొకటి, తక్కువ రుసుముతో ఉండాలి. రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దించి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. తీసిన మడ్డిని డ్రెయిన్లో పారబోయకుండా శుద్ధి చేసే చోటుకే చేర్చాలి.

మన సంగతీ చెప్పుకోవాలి. మేడలు కట్టుకున్న రైతుల గొట్టాలు కూడా అదే కాలువలో ఉన్నాయి. స్తోమత ఉన్నవాళ్లం సాయం కోసం ఎదురుచూడకుండా ముందు మన గొట్టం తీసేయాలి. అప్పుడే అధికారిని అడిగే నోరు మనకుంటుంది.

ప్రతి గ్రామ శాఖ ఈ నెలలో గట్టు వెంట నడిచి గొట్టాలు లెక్కపెట్టాలి. ఎవరి పేరూ రచ్చకీడ్చకుండా, ఎన్ని ఇళ్లకు ఏ పని కావాలో రాసి గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించాలి. నీటి వాటా కోసం కొట్లాడిన మనం, ఆ నీళ్లు తాగేలా ఉండాలని కూడా కొట్లాడాలి.