కేసుకి ఇంత అంటే కుదరదు

ఆసుపత్రిలో కూర్చున్న డాక్టరుకి జబ్బు కనబడుతుంది గాని ఆ జబ్బుతో ఇంటికెళ్ళిన మనిషి కనబడదు. రక్తం తక్కువున్న గర్భిణికి ఐరన్ మాత్రలు రాసి పంపుతాం. ఆమె మింగదు. మలం నల్లగా వస్తోందని భయం, కడుపులో తిప్పుతోందని బాధ, బిడ్డ నల్లగా పుడుతుందని అత్తగారి మాట. షుగరున్న మనిషి నెలకి సరిపడా మందులు తీసుకుని మాయమై, ఏడాది తర్వాత కాలిపుండుతో తిరిగొస్తుంది. ఈ మధ్యలో ఏం జరిగిందో తెలిసేది ఆ వాడలోనే ఉండే మరో స్త్రీకి. అందుకే మేం నడిపే చిన్న ఆసుపత్రి తరఫున చుట్టుపక్కల ఊళ్ళలో ఆరోగ్య కార్యకర్తలను పెట్టుకుందామన్న ప్రతిపాదన వచ్చినప్పుడు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాను.

అయితే చర్చ నడిచిన తీరు మీద నాకు అభ్యంతరం ఉంది. చీర ఏ రంగుదైతే బాగుంటుంది, సంచి మీద ఆసుపత్రి పేరు ఎంత పెద్దగా ఉండాలి అని చాలాసేపు మాట్లాడారు. డబ్బు దగ్గరికి వచ్చేసరికి, "జీతమెందుకండీ, సేవాభావం ఉన్న ఆడవాళ్ళనే తీసుకుందాం, తెచ్చిన కేసుకి ఇంత అని ఇద్దాం" అన్నారు. ఈ మాట మా దగ్గరే కాదు, ఇలాంటి కార్యక్రమం తలపెట్టిన చాలాచోట్ల వినబడేదే కనుక ఇక్కడ రాస్తున్నాను.

కేసుకి ఇంత అన్నది మన పల్లెలకి కొత్త కాదు. ఊళ్ళో ఆర్.ఎం.పి. పేషంటును పట్నం పంపితే అతని వాటా అతనికి ముడుతుందన్నది అందరికీ తెలిసిన రహస్యం. ఆ వాటా ఎవరి ఒంట్లోంచి వస్తోంది? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో 8 మందికి దగ్గర. ఇందులో నిజంగా అవసరమై చేసినవీ ఉంటాయి. కాని తెల్లబట్ట, నడుంనొప్పి అంటూ వచ్చిన ముప్పై ఏళ్ళ కూలి మనిషికి "సంచి పాడైంది, ఉంచితే క్యాన్సరవుతుంది" అని చెప్పి ఆపరేషన్ చేసిన కథలు వినని స్త్రీల సంఘం మన దగ్గర ఉందా? రేపు మేం పంపే కార్యకర్తకి ఆపరేషనుకి ఇంత అని రేటు కడితే ఆమె పొరుగింటి స్త్రీకి ఏ సలహా ఇవ్వాలి? "నీకు కోత అవసరం లేదమ్మా, ముందు మందులు వాడి చూడు" అంటే ఆ రోజు ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు. మంచి సలహా ఇచ్చినందుకు నష్టపోయే ఏర్పాటు చేసి, ఆ తర్వాత నిజాయితీ గురించి ఆమెకి శిక్షణ ఇస్తామా?

ఇక సేవాభావం సంగతి. 1977లో కేంద్ర ప్రభుత్వం ఊరూరా ఆరోగ్య కార్యకర్తల పథకం పెట్టినప్పుడు ఎంపికైనవారిలో ఎక్కువమంది మగవాళ్ళే. నెలకి 50 రూపాయలు గౌరవ వేతనం. 2005లో ఆశా వచ్చేసరికి స్త్రీలే ఉండాలన్నారు, స్వచ్ఛంద సేవకురాలు అని పేరు పెట్టారు, కాన్పుకింత టీకాకింత అని లెక్కగట్టారు. ఆశాలు రోడ్డెక్కి కొట్లాడిన తర్వాతే కాస్తో కూస్తో పెరిగింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో నెలకి 10,000 అయింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలందరికీ అవార్డు ప్రకటించింది. అవార్డు వచ్చింది గాని ఉద్యోగి అన్న పేరు రాలేదు. అదే సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చేసే పనికి తగ్గ వేతనం ఉండాలని, కేవలం ప్రోత్సాహకాల మీదే వదిలేయవద్దని, షరతులు రాతపూర్వకంగా ఉండాలని చెప్పింది. అవార్డు ఫోటోలు చూసినంత మంది ఈ మార్గదర్శకాలు చదివారా అన్నది అనుమానమే.

చదువు లేని పల్లె స్త్రీకి జీతమిచ్చేంత పని ఏముంటుందని ఒకరు అడిగారు. మహారాష్ట్రలో జామ్‌ఖేడ్‌లో డాక్టర్ మేబెల్ ఆరోలే, డాక్టర్ రజనీకాంత్ ఆరోలే 1970లో పని మొదలుపెట్టి ఊళ్ళలోని స్త్రీలకే శిక్షణ ఇచ్చారు. వారిలో బడి ముఖం చూడనివాళ్ళు, దళిత స్త్రీలు ఎందరో ఉన్నారు. అదే రాష్ట్రంలో గడ్చిరోలిలో రాణీ బంగ్, అభయ్ బంగ్‌ల సంస్థ దగ్గర శిక్షణ పొందిన పల్లె స్త్రీలు ఇంటింటికీ వెళ్ళి పసికందులను చూసుకున్నారు, అవసరమైతే ఇంజెక్షన్ కూడా ఇచ్చారు. అక్కడ నవజాత శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రిక అచ్చువేసింది. ఆ ఇంజెక్షన్ డాక్టరు ఇస్తే ఫీజు, ఆమె ఇస్తే సేవ. ఎందుకలా?

ఇంకో ముఖ్యమైన విషయం. 1992లో రాజస్థాన్‌లో భన్వరీ దేవి మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె ప్రభుత్వ స్త్రీ అభివృద్ధి కార్యక్రమంలో గ్రామ కార్యకర్త. బాల్యవివాహం ఆపబోవడమే ఆమె నేరం. ఊరి పెద్దకులాలకి ఎదురెళ్ళమని పంపినవాళ్ళకి ఆమె భద్రత తమ బాధ్యత అనిపించలేదు. 1997 విశాఖ తీర్పు వెనక ఉన్నది ఆ ఘటనే. 2013 లైంగిక వేధింపుల చట్టం స్వచ్ఛందంగా పనిచేసే స్త్రీని కూడా ఉద్యోగిగానే చూస్తుంది. కాబట్టి జీతం ఇవ్వకపోయినా బాధ్యత తప్పదు. పదిమంది లోపు పనిచేసేచోట జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చని మొదటి రోజే ఆమెకి చెప్పాలి.

నా ప్రతిపాదన ఇది. పొదుపు సంఘాలు, దళితవాడ స్త్రీలు కలిసి కూర్చుని మనిషిని ఎన్నుకోవాలి, సర్పంచి బంధువును మేం ఏరుకోకూడదు. నెల జీతం, బస్సు ఖర్చు, వారానికో సెలవు, అన్నీ కాగితం మీద ఉండాలి. పేషంటును మా దగ్గరికే తేవాలన్న షరతు ఉండకూడదు, సర్కారు ఆసుపత్రికి పంపడం మంచిదనుకుంటే అక్కడికే పంపాలి. ఆ ఊరి ఆశాకి పోటీగా నిలబెట్టకూడదు, ఆశాకి చాటుగా కమీషన్ ఇవ్వడం అసలు కూడదు. రిజిస్టరు సంగతి కూడా ఆలోచించాలి. మొగుడు కొట్టిన దెబ్బల గురించి ఒక స్త్రీ చెప్పుకుంటే అది ఆమె ఒప్పుకోకుండా పుస్తకంలోకి ఎక్కకూడదు. ఆ పుస్తకం ఎవరెవరి చేతుల్లో తిరుగుతుందో మనకి తెలుసు.

డబ్బెక్కడిదని అడిగారు. ఐదుగురికి 12,000 చొప్పున నెలకి 60,000. స్కానింగు మెషిన్ కొన్నప్పుడు సేవాభావంతో ఇమ్మని కంపెనీని ఎవరూ అడగలేదు, అప్పు చేసి కొన్నాం. ఐదుగురికి లేకపోతే ఇద్దరితో మొదలుపెడదామన్నాను. దానికి ఒప్పుకున్నారు. రాత్రిపూట పిలుపొస్తే ఆటో ఖర్చు ఎవరిది, తోడు ఎవరు వెళ్ళాలి అన్నది ఇంకా తేలలేదు. అది తేలేదాకా ఎవరినీ చేర్చుకోవద్దని రాసిచ్చాను.