క్షమాభిక్ష ఫైలు బాధితుల గడప తొక్కదా?

హత్య కేసుల్లో శిక్ష పడినవారికి రాష్ట్రపతి, గవర్నరు క్షమాభిక్ష పెట్టవచ్చునా, పెడితే ఎవరికి పెట్టాలి అన్న వాదన మళ్ళీ మళ్ళీ తలెత్తుతూనే వున్నది. ఎక్కడైనా ఉరిశిక్ష ఖరారైనప్పుడు, ఆగస్టు 15కో జనవరి 26కో ఖైదీల విడుదల జాబితా వెలువడినప్పుడు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల టీ బంకుల దగ్గర ఇదే చర్చ. ‘‘చంపినవాణ్ణి వదిలేసేటట్టయితే ఇన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిప్పడం దేనికి?’’ అని కొందరంటారు. ‘‘కోర్టు పొరబడదా? ఉరి తీశాక పొరపాటని తేలితే ప్రాణం తెచ్చేదెవరు?’’ అని మరికొందరు. రెండు మాటల్లోనూ నిజం లేకపోలేదు. అయితే ఈ వాదనలో ఇరుపక్షాలూ మరచిపోయే మనుషులు వున్నారు. వారు హతుని భార్య, తల్లి, బిడ్డలు. ముద్దాయి అర్జీ ఢిల్లీ దాకా వెళుతుంది. వీరి గోడు మాత్రం ఏ ఫైలులోకీ ఎక్కడం లేదు.

ఈ ప్రాంతానికి ఇది ఊసుపోక చేసే చర్చ కాదు. తెనాలి నుంచి బాపట్ల వెళ్ళే రైలు చుండూరు స్టేషను మీదుగానే పోతుంది. 1991 ఆగస్టు 6న ఆ ఊళ్ళో 8 మంది దళితులను వెంటాడి చంపిన దారుణం పాఠకులకు విదితమే. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికి బాధితులు పోరాడవలసి వచ్చింది. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు విధించింది. అంటే శిక్ష పడేసరికే 16 సంవత్సరాలు గడిచాయి. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు శిక్షలన్నిటినీ కొట్టివేయగా, కేసు సుప్రీంకోర్టుకు పోయింది. అది అప్పీలులో జరిగినది గాని క్షమాభిక్ష కాదు. కాని శిక్ష కోసం 16 ఏళ్ళు ఎదురుచూసిన ఇళ్ళవారికి, పడిన శిక్షను ఒక్క సంతకంతో తీసివేయగల అధికారం మరొకచోట వున్నదంటే ఎట్లా వుంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఆ అధికారం రాజ్యాంగంలోనే వుంది. 72వ అధికరణం రాష్ట్రపతికి, 161వ అధికరణం గవర్నరుకు దాన్ని ఇచ్చాయి. పేరు రాష్ట్రపతిదే అయినా నిర్ణయం మంత్రివర్గానిదే. మంత్రివర్గ సలహా ప్రకారమే ఈ అధికారం చెలాయించాలని 1980లో మారూరామ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇందిరాగాంధీ హత్యకేసు ముద్దాయి కేహర్ సింగ్ విషయంలో 1988లో తీర్పు చెబుతూ, రాష్ట్రపతి సాక్ష్యాలను తనంతట తాను మళ్ళీ పరిశీలించవచ్చునని, అయితే ముద్దాయిని స్వయంగా పిలిచి వినవలసిన అగత్యం లేదని అన్నది. అర్జీ పెట్టుకున్నవానినే పిలవనక్కరలేనప్పుడు అర్జీ పెట్టని బాధితులను పిలిచేదెవరు?

పేట బస్సు

క్షమాభిక్ష అసలే వద్దనేవారు చిలకలూరిపేట కేసును ఒకసారి తలచుకోవాలి. 1993 మార్చి 8న ఆర్టీసీ బస్సులో దోపిడీకి దిగిన ఇద్దరు యువకులు పెట్రోలు పోసి నిప్పంటించగా 23 మంది ప్రయాణికులు సజీవ దహనమయ్యారు. ఉమ్మడి గుంటూరు జిల్లా అంతా అట్టుడికిపోయింది. ఉరిశిక్షను సుప్రీంకోర్టు 1996లో ఖాయం చేసింది. రాష్ట్రపతి శంకర్‌దయాళ్ శర్మ అర్జీని తిరస్కరించారు. 1997 మార్చిలో ఉరికి తేదీ కూడా పడింది. చివరి ఘడియలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి, ఇక్కడి పౌరహక్కుల సంఘాలవారు గట్టిగా పట్టుబట్టారు. ఆ యువకులు దళితులు, కడు పేదవారు. దోచుకోవాలని ఎక్కారు గాని చంపాలని ఎక్కలేదని వారి తరఫువారి వాదన. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఉరిని యావజ్జీవ శిక్షగా మార్చారు.

ఆ నిర్ణయంలో తప్పు పట్టవలసినది లేదు. ఉరి తప్పింది గాని జైలు తప్పలేదు. పైగా వారి వెనుక పార్టీ లేదు, ఎమ్మెల్యే లేడు. అయినా కాలిపోయిన 23 మంది ఇళ్ళకు, శిక్ష ఏ కారణం చేత తగ్గించామో తెలియజేయవలసిన బాధ్యత ఏ అధికారి మీదా చట్టం పెట్టలేదు. జైలులో వున్న ఖైదీకైతే రాష్ట్రపతి నిర్ణయం జైలు సూపరింటెండెంటు ద్వారా తెలుస్తుంది. బిడ్డ కాలిపోయిన తల్లికి పేపరు చూస్తేనే తెలుస్తుంది. పేపరు చదవడం వస్తే.

అంతకు చాలా ముందు, ఎమర్జెన్సీ రోజుల్లో, ఆదిలాబాద్ జిల్లాకు చెందిన కిష్టాగౌడ్, భూమయ్యల విషయంలో దేశ విదేశాల నుంచి విజ్ఞప్తులు వెళ్ళినా క్షమాభిక్ష దొరకలేదు. 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైలులో వారిని ఉరి తీశారు. అప్పుడు నోరు మెదిపే వీలు లేదు. ఎందుకు నిరాకరించారో చెప్పిన నాథుడూ లేడు.

ఫైలు నడిచే దారి

ఇక 2005 నాటి కర్నూలు జిల్లా కేసు చూస్తే సంగతి తిరగబడినట్టు కనిపిస్తుంది. 1995లో ఇద్దరు తెలుగుదేశం కార్యకర్తల హత్యకు సంబంధించి కాంగ్రెసు నాయకుడు గౌరు వెంకటరెడ్డికి పదేళ్ళ శిక్ష పడింది. ఆయన భార్య శాసనసభ్యురాలు. రాజకీయ కక్షతో తన భర్తను ఇరికించారని ఆమె అర్జీ పెట్టారు. 2005 ఆగస్టులో అప్పటి గవర్నరు సుశీల్‌కుమార్ షిండే, ప్రభుత్వ సలహాపై, మిగిలిన సుమారు ఏడేళ్ళ శిక్షను రద్దు చేశారు. అప్పుడు అధికారంలో వున్నదీ కాంగ్రెసే. హతులలో ఒకరి కుమారుడు సుప్రీంకోర్టు మెట్లెక్కాడు.

అక్కడ ఫైలు విప్పి చూడగా బయటపడినది గ్రామస్థులందరూ తెలుసుకోదగిన విషయం. గవర్నరు ఎవరినీ స్వయంగా విచారించరు. అర్జీ హోం శాఖకు, అక్కడి నుంచి జిల్లా అధికారులకు వస్తుంది. ఇతణ్ణి విడుదల చేస్తే ఊళ్ళో శాంతిభద్రతలకు భంగం కలుగుతుందా, నడవడి ఎట్లాంటిది అని అడుగుతారు. పోలీసు, రెవెన్యూ, ప్రొబేషన్ అధికారుల నివేదికలు తిరిగి పైకి పోతాయి. ఈ కేసులో ఒక నివేదికలో ముద్దాయి ‘మంచి కాంగ్రెసు కార్యకర్త’ అని కూడా రాశారు! శిక్ష రద్దుకు అదీ ఒక యోగ్యతే కాబోలు. 2006 అక్టోబరు 11న న్యాయమూర్తులు అరిజిత్ పసాయత్, ఎస్.హెచ్. కపాడియాలు ఆ ఉత్తర్వును కొట్టివేసి, మళ్ళీ పరిశీలించవలసిందిగా ఆదేశించారు. కులం, మతం, పార్టీ భక్తి చూసి క్షమాభిక్ష ఇవ్వరాదని, అసలు విషయాలు దాచిపెట్టి ఇచ్చిన ఉత్తర్వు చెల్లదని ఆ తీర్పు చెప్పింది. దేశమంతటా న్యాయవాదులు నేటికీ ఉదహరించే తీర్పు అది.

తీర్పు మంచిదే. అయితే అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళగలిగిన కుటుంబానికి దొరికిన న్యాయం. ఢిల్లీలో ప్లీడరును పెట్టుకునే స్తోమత లేని ఇంటి సంగతేమిటి? శాంతిభద్రతల గురించి ఊరి అభిప్రాయం అడిగితే ఎవరిని అడుగుతారో పల్లెల్లో ఎవరినైనా కదిపితే చెబుతారు. సర్పంచి ఇంటి అరుగు మీద, రచ్చబండ దగ్గర నలుగురు పెద్దలు చెప్పినదే ఊరి మాట అవుతుంది. ఆ నలుగురిలో ముద్దాయి బంధువులు వుండవచ్చు. దళితవాడ చివర గుడిసెలో వున్న హతుని భార్య దగ్గరకు ఆ అధికారి వెళ్ళి తీరాలన్న కట్టడి ఎక్కడా కనిపించదు. వెళ్ళి, ‘‘అమ్మా, ఇతడు తిరిగి వస్తే నీకు భయమా?’’ అని ఒక్క ప్రశ్న వేస్తే ఫైలులో మరో కాగితం చేరేది.

గుజరాత్‌లో జరిగినదీ ఇదే. 2002 అల్లర్లలో బిల్కిస్ బానో కేసులో యావజ్జీవ శిక్ష పడిన 11 మందిని 2022 ఆగస్టు 15న విడుదల చేశారు. సాంకేతికంగా అది గవర్నరు క్షమాభిక్ష కాదు, ప్రభుత్వం ఇచ్చిన శిక్ష తగ్గింపు. ఇంత పెద్ద నిర్ణయానికి ముందు తన క్షేమం గురించి ఎవరూ విచారించలేదని ఆమె బాధపడింది. ఆమె పోరాడగా 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలను రద్దు చేసి, రెండు వారాల్లో తిరిగి జైలుకు రమ్మని 11 మందినీ ఆదేశించింది.

శిక్షే తప్పయినప్పుడు క్షమాభిక్ష మందు కాదన్న సంగతి తెనాలివారికి మరొకరు చెప్పనక్కరలేదు. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టలులో హత్యకు గురైన ఫార్మసీ విద్యార్థిని తెనాలి అమ్మాయి. పట్టుబడిన యువకునికి 2010లో విజయవాడ కోర్టు 14 ఏళ్ళ శిక్ష వేసింది. అతడు అసలు నేరస్థుడు కాడని బిడ్డను పోగొట్టుకున్న తల్లే బహిరంగంగా చెబుతూ వచ్చింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మన్నది. ఎనిమిదేళ్ళకు పైగా జైలు, దానికి లక్ష! ఒకవేళ మధ్యలో గవర్నరు దయతలచి విడిచిపెట్టి వుంటే, అతడు ఇల్లు చేరేవాడే గాని క్షమాభిక్ష పొందిన హంతకుడుగా చేరేవాడు. అసలు హంతకుడెవరన్న ప్రశ్న కూడా అక్కడే సమాధి అయ్యేది. ఈ కేసు మరొకటి కూడా చూపుతున్నది. బాధితుల మాట వింటే ఎప్పుడూ కఠినంగానే మాట్లాడతారని, అందుకే అడగకపోవడం మేలని కొందరి వాదన. ఆ తల్లి అట్లా మాట్లాడలేదు.

పిల్లలు అమెరికాలో వున్న ఇళ్ళవారు అక్కడి పద్ధతి గురించి గొప్పగా చెబుతుంటారు. అక్కడ అధ్యక్షుడు మంత్రివర్గాన్ని అడగనక్కరలేదు. 1974లో ఫోర్డు, విచారణ కూడా జరగకముందే నిక్సన్‌ను క్షమించారు. 2024 డిసెంబరులో బైడెన్ సొంత కొడుకును క్షమించారు. 2025 జనవరి 20న ట్రంప్, తన మద్దతుదారులైన సుమారు 1500 మంది పార్లమెంటు దాడి ముద్దాయిలకు క్షమాభిక్ష ప్రసాదించారు. అక్కడ ఏకంగా ఒకే మనిషి ఇష్టాయిష్టాలు. మన దగ్గర కోర్టు ఫైలు తెప్పించుకుని చూడగలుగుతున్నది, అంతవరకు మనమే నయం.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఉరిశిక్ష పడిన ఖైదీ అర్జీ పెట్టుకోవడానికి 30 రోజుల గడువు విధించింది. అభిప్రాయాలు పంపడానికి ప్రభుత్వానికీ గడువు పెట్టింది. రాష్ట్రపతి ఇన్నాళ్ళలో తేల్చాలన్న గడువు మాత్రం లేదు. ఏళ్ళ తరబడి తేల్చకుండా వుంచితే ఉరిని యావజ్జీవంగా మార్చవచ్చునని 2014 జనవరి 21న సుప్రీంకోర్టు 15 మంది విషయంలో తీర్పు చెప్పింది. అర్జీలను అట్టే పెట్టుకున్న ఆఫీసుల నిర్లక్ష్యం ఖైదీకి చిత్రవధ అయింది. బాధితులకు కేసు ముగిసిందో లేదో తెలియని అవస్థ అయింది. ఇంత కొత్త చట్టం రాస్తూ కూడా, బాధిత కుటుంబాన్ని విచారించి తీరాలన్న ఒక్క వాక్యం క్షమాభిక్ష సెక్షనులో చేర్చడానికి చేతులు రాకపోవడం విచారకరం.

చట్టం మారేదాకా ఆగనక్కరలేదు. జిల్లాలో ఏ ఖైదీ అర్జీ మీద విచారణకు ఫైలు వచ్చినా, కలెక్టరు హతుని కుటుంబానికి నోటీసు పంపి, 15 రోజుల గడువిచ్చి, వారి వాఙ్మూలం నమోదు చేయించి ఆ ఫైలుతోనే పైకి పంపవచ్చు. పంపవద్దని ఏ నిబంధనా అడ్డు రాదు. విచారణకు వచ్చే అధికారి సర్పంచి ఇంట్లో కాఫీ తాగి వెళ్ళిపోకుండా ఆ ఇంటికి కూడా వెళ్ళాలి. నిర్ణయం వెలువడిన తరువాత కారణాలతో కూడిన ఉత్తర్వు తెలుగు ప్రతిని ఆ ఊరి పంచాయతీ ఆఫీసు బోర్డు మీద అంటించాలి. చదువు రానివారు వున్న వాడల్లో టముకు వేయించి, పంచాయతీ కార్యదర్శి చేత చదివి వినిపించాలి. గుంటూరు, బాపట్ల జిల్లాల కలెక్టర్లు ఈ మేరకు తమ పరిధిలోని తహసీలుదార్లకు, పోలీసు స్టేషన్లకు ఒక సర్క్యులరు జారీ చేయవలసి వున్నది.