మూడో నెలలో ‘నొప్పి ఉందా?’ అని అడగాల్సిందే!

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ ఉద్యోగులారా, కార్మికులారా!

గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ చేసి ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తున్నారు. కుట్లు మానగానే ఆసుపత్రి లెక్కలో కేసు ముగుస్తుంది. కొందరికి అసలు బాధ ఆ తర్వాతే తెలుస్తుంది. క్యాబ్ డ్రైవర్ క్లచ్ తొక్కినప్పుడల్లా గజ్జ నుంచి తొడ లోపలికి కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది. టవర్ గేటు దగ్గర షిఫ్టంతా నిలబడే సెక్యూరిటీ గార్డుకు బెల్టు తగిలినా మంటే. ‘ఆపరేషన్ బాగానే అయిందిగా’ అంటారు అందరూ.

ఇది భ్రమ కాదు. గజ్జల మీదుగా మూడు నరాలు వెళ్తాయి. కోతలో, కుట్టులో, లోపల వేసే మెష్ (వల) చుట్టూ గట్టిపడిన మచ్చలో అవి నలిగితే నొప్పి నిలిచిపోతుంది. చెప్పుకోదగ్గ దీర్ఘకాలిక నొప్పి నూటికి 10–12 మందికి ఉంటుందని, కాలం గడిచేకొద్దీ అది తగ్గుతుందని 2018 నాటి అంతర్జాతీయ హెర్నియా మార్గదర్శకాలు చెప్పాయి. పని చేసుకోనివ్వనంత నొప్పి 0.5 నుంచి 6 శాతం మందికి ఉంటుందన్నాయి.

ఆపరేషన్ వద్దని మేం అనడం లేదు. హెర్నియాలో పేగు ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. ముందు నిజం చెప్పండి, తర్వాత పట్టించుకోండి అంటున్నాం.

మా డిమాండ్లు:

1. మూడు నెలలకు, ఏడాదికి ప్రతి రోగినీ పిలిచి నొప్పి గురించి అడగాలి. జవాబు కేస్ షీటులో రాయాలి.

2. సంతకానికి ముందే ఈ నొప్పి గురించి, ఓపెన్, ల్యాపరోస్కోపీ పద్ధతుల తేడా గురించి రోగి భాషలో చెప్పాలి. ముఖ్యమైన ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు చెప్పి సమ్మతి తీసుకోవాలని 2008లోనే సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

3. వేసిన మెష్ పేరు, బ్యాచ్ నంబరు డిశ్చార్జి కాగితంలో ఉండాలి.

4. స్వీడన్‌లో 1992 నుంచి హెర్నియా ఆపరేషన్ల వివరాలు నమోదు చేసే రిజిస్ట్రీ ఉంది. తెలంగాణ ప్రభుత్వం ఆరోగ్యశ్రీ కేసులతో అలాంటిది మొదలుపెట్టాలి.

5. నొప్పి తగ్గనివారికి కంపెనీలు, కాంట్రాక్టర్లు బరువులెత్తని, కూర్చుని లేచే వీలున్న పని ఇవ్వాలి. ఉద్యోగం తీసేయకూడదు.

మిత్రులారా, నొప్పిని దాచుకోకండి. ఎప్పుడు వస్తోందో, ఎక్కడ వస్తోందో తేదీతో రాసిపెట్టుకుని సర్జన్‌కు చూపించండి. మీ రికార్డులు అడిగి తీసుకోండి, అది మీ హక్కు. ఈ కరపత్రం చదివి పక్కవారికివ్వండి. మూడో నెల పరీక్ష ప్రతి ఆసుపత్రిలో తప్పనిసరి అయ్యేదాకా కలిసి అడుగుదాం!