సైలెన్సర్లపై రోడ్ రోలర్.. మరి ఇంట్లో తయారైన స్ట్రీట్‌ఫైటర్ బైక్ సంగతేంటి?

రోడ్డు మీద వరుసగా పేర్చిన సైలెన్సర్లు.. చుట్టూ కెమెరాలు.. వాటి మీదుగా మెల్లగా వెళ్లే రోడ్ రోలర్. హైదరాబాద్, విశాఖపట్నం లాంటి నగరాల్లో పోలీసులు అప్పుడప్పుడూ చూపించే ఈ సీన్ సోషల్ మీడియాలో ఎప్పుడూ హిట్టే. జనం కూడా మెచ్చుకుంటారు. మెచ్చుకోరా మరి! అర్ధరాత్రి కాలనీ మధ్యలోంచి టపటపా పేల్చుకుంటూ బైక్ వెళ్తే ఉయ్యాల్లో పాప ఉలిక్కిపడి లేస్తుంది. గుండె జబ్బున్న పెద్దాయనకు ఆ రాత్రి ఇక నిద్ర ఉండదు.

అయితే ఇదే వలలో ఇంకో రకం కుర్రాళ్లు కూడా పడుతున్నారు. వీళ్లు సైలెన్సర్ పీకేసి గోల చేసే బ్యాచ్ కాదు. యాక్సిడెంట్‌లో దెబ్బతిన్న బైక్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొని, ఇంటి కార్ పార్కింగ్‌లోనో డాబా మీదో నెలల తరబడి కూర్చుని, ఒక్కో బోల్టూ విప్పి, మళ్లీ తమకు నచ్చినట్టు బిగించుకునేవాళ్లు. తయారయ్యేది స్ట్రీట్‌ఫైటర్. రోడ్డెక్కితే రెండు రకాల బైకులూ పోలీసులకు ఒకేలా కనిపిస్తాయి. చట్టానికీ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

విరిగిన ప్లాస్టిక్‌లోంచి పుట్టిన స్టైల్

స్ట్రీట్‌ఫైటర్ అంటే ఏదో షోరూమ్ పేరు అనుకుంటారు చాలామంది. ఇది పుట్టింది బ్రిటన్ వీధుల్లో, 1980లు, 90ల్లో. 1985లో సుజుకీ జీఎస్ఎక్స్-ఆర్750 లాంటి రేస్ బైకులు ఒళ్లంతా ప్లాస్టిక్ ఫెయిరింగ్‌తో వచ్చాయి. కుర్రాళ్లు వాటిని కొన్నారు, పడేశారు. ఇంజిన్, ఛాసిస్ బాగానే ఉన్నా ఫెయిరింగ్ ముక్కలైపోయేది. కొత్తది కొనాలంటే జేబు ఖాళీ. దాంతో విరిగిన ప్లాస్టిక్‌ని తీసిపారేశారు. కిందికి వంగి ఉండే రేస్ హ్యాండిల్స్ స్థానంలో అడ్డంగా వెడల్పాటి హ్యాండిల్ బార్ పెట్టారు. ముందు ఒకటో రెండో గుండ్రటి లైట్లు తగిలించారు. తోక పైకి లేచింది. అంతే.. డబ్బుల్లేక చేసిన పని కాస్తా స్టైల్ అయి కూర్చుంది.

కంపెనీలు ఊరుకుంటాయా? 1997లో ట్రయంఫ్ స్పీడ్ ట్రిపుల్ టీ509 రెండు గుండ్రటి లైట్లతో అచ్చం అలాగే దిగింది. 2009లో డుకాటీ ఏకంగా 'స్ట్రీట్‌ఫైటర్' అనే పేరే పెట్టి బైక్ అమ్మింది. మన దగ్గర 2008లో యమహా ఎఫ్‌జీ16, 2012లో కేటీఎం డ్యూక్ 200 ఈ లుక్‌ని కాలేజీ కుర్రాళ్ల దాకా తెచ్చాయి.

ఇక 2019 సంగతి చూడండి. ఆ ఏడాది జనవరిలో సుప్రీంకోర్టు వాహనాల మార్పుల మీద గట్టి తీర్పు ఇచ్చింది. మార్చిలో యమహా ఎంటీ-15ని ఇండియాలో విడుదల చేసింది. ఎంటీ-15 అంటే ఏంటి? ఆర్15 వీ3లోని 155 సీసీ ఇంజిన్, అదే డెల్టాబాక్స్ ఫ్రేమ్. ఫెయిరింగ్ లేదు, హ్యాండిల్ బార్ ఎత్తుగా ఉంటుంది, ముందు లైటు వేరు. అంటే ఆర్15తో ఒక కుర్రాడు ఇంట్లో ఏం చేయాలనుకుంటాడో దాదాపు అదే. కంపెనీ చేస్తే షోరూమ్‌లో రిబ్బన్ కటింగ్, కుర్రాడు చేస్తే చలానా.

ఈ పోలిక వినడానికి బాగుంటుంది కానీ పూర్తిగా న్యాయం కాదు. కంపెనీ ఆ మార్పుల్ని లెక్కగట్టి, పరీక్షించి, టైప్ అప్రూవల్ తీసుకుని మార్కెట్‌లోకి తెస్తుంది. కుర్రాడి పనిని ఎవరూ పరీక్షించరు. పరీక్షించమని అతనే వెళ్లి అడిగినా మన దగ్గర అందుకు సరైన ఏర్పాటు లేదు.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 సారాంశం ఇది: ఆర్సీలో ఉన్న వివరాలు, తయారీదారు ఇచ్చిన మూల స్పెసిఫికేషన్ కంటే భిన్నంగా మారేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు దీన్నే ఖరారు చేసింది. తయారీదారు స్పెసిఫికేషన్‌ని ముట్టుకోవద్దు.. ఆర్సీలోని మిగతా వివరాలను మాత్రం నిబంధనల ప్రకారం మార్పించుకోవచ్చు అని తేల్చింది.

అదే ఏడాది చట్ట సవరణలో వచ్చిన సెక్షన్ 182ఏ(4) ఇంకాస్త ఘాటు. అనుమతి లేని మార్పు చేస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఒక్కో బండికి కాదు, ఒక్కో మార్పుకు. ఈ మాట గమనించాలి. హ్యాండిల్, సైలెన్సర్, తోక, లైటు అని ఇన్‌స్పెక్టర్ లెక్కపెట్టడం మొదలుపెడితే సెకండ్ హ్యాండ్ బైక్ ధర దగ్గరికి వెళ్లిపోతుంది. శబ్దం, కాలుష్యం ప్రమాణాలు దాటితే సెక్షన్ 190(2) వేరే ఉంది. మొదటిసారి 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, మూడు నెలలు లైసెన్స్ కట్. అక్కడికక్కడే కట్టించుకునే చలానా మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

మరి ఫెయిరింగ్ విప్పితే నేరమా? ఆర్సీ తీసి చూడండి. ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్, మోడల్, రంగు, సీసీ, సీట్లు, బరువు.. ఇవి ఉంటాయి. ఫెయిరింగ్ అనే మాట ఉండదు. హ్యాండిల్ బార్ ఎంత ఎత్తో ఉండదు. కాబట్టి కొన్ని మార్పులు స్పష్టంగా తప్పు, కొన్ని ఎటూ తేలని మధ్యస్థ పరిస్థితిలో ఉన్నాయి. ఆ మధ్యలో ఉన్నవాటిని తేల్చేది ఆ రోజు రోడ్డు మీద నిలబడ్డ అధికారే.

తోక సంగతి మాత్రం అనుమానం లేదు. స్ట్రీట్‌ఫైటర్ అందమంతా పైకి లేచిన పొట్టి తోకలోనే ఉందంటారు. దానికోసం వెనక మడ్‌గార్డ్, శారీ గార్డ్, ఒక్కోసారి ఇండికేటర్లు కూడా లేచిపోతాయి. నంబర్ ప్లేట్ సీటు కిందకి మడుచుకుంటుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 123 ప్రకారం వెనక కూర్చునేవాళ్లకు పట్టుకునే హ్యాండిల్, ఫుట్‌రెస్ట్, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా సగం చక్రాన్నైనా కప్పే గార్డ్ ఉండాల్సిందే. చీర కొంగు, చున్నీ చక్రంలో చుట్టుకుని జరిగిన ప్రమాదాల గురించి వినని ఊరు మన దగ్గర ఉండదు. ఇది చలానా కోసం పెట్టిన రూల్ కాదు.

చెవితో తేల్చే డెసిబెల్స్

175 సీసీ దాటిన బైకులకు తయారీ దశలో శబ్ద పరిమితి 80 డెసిబెల్స్. 80 నుంచి 175 సీసీ వాటికి 77. అయితే ఇది ఖాళీ మైదానంలో, నిర్ణీత దూరంలో మైకు పెట్టి, నిర్ణీత వేగంలో బండి నడిపి కొలిచే లెక్క. పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో అలా కొలవడం కుదిరే పని కాదు. అందుకే సైలెన్సర్ కంపెనీదా, కాదా అన్నదే ప్రధానంగా చూస్తారు. ఇంకో విచిత్రం.. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే సెంటర్‌లో పొగ కొలుస్తారు గానీ శబ్దం కొలవరు. చేతిలో పీయూసీ ఉంది కదా అంటే రోడ్డు మీద చెల్లదు.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బైకుల్లో సైలెన్సర్ అంటే ఉత్త గొట్టం కాదు. అందులో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది, ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. మొత్తం పీకేసి ఖాళీ గొట్టం పెడితే శబ్దంతో పాటు విషవాయువులూ పెరుగుతాయి. ఇంజిన్‌కు వెళ్లే పెట్రోల్, గాలి లెక్క తప్పి వేడెక్కుతుంది. పవర్ పెరిగిందని కుర్రాడు అనుకుంటాడు. చాలాసార్లు పెరిగేది చప్పుడే.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

చలానాల గోలలో పక్కకు పోతున్న విషయం ఇది. చెవులకు వినిపించే సైలెన్సర్ కంటే కంటికి కనిపించని పనులే ప్రాణం తీస్తాయి.

వంగి ఉండే క్లిప్-ఆన్ హ్యాండిల్స్ తీసి ఎత్తు బార్ పెట్టారనుకుందాం. ముందు బ్రేక్ హోస్ పొడవు చాలదు. నేరుగా పోయేటప్పుడు ఏమీ తెలియదు. యూటర్న్‌లో హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు హోస్ లాగేసుకుంటుంది. యాక్సిలరేటర్ కేబుల్ కూడా అంతే.. హ్యాండిల్ తిప్పగానే దానంతట అదే రేజ్ అయిపోతుంది. ఏబీఎస్ ఉన్న బైక్‌లో బ్రేక్ లైన్ విప్పితే లోపల గాలి చేరుతుంది. దాన్ని పూర్తిగా తీయడానికి కొన్ని మోడళ్లకు స్కానర్ కావాలి. 125 సీసీ దాటిన కొత్త బైకులన్నింటికీ 2019 నుంచి ఏబీఎస్ తప్పనిసరి. అంటే ఇంట్లో స్పానర్ పట్టుకున్న ప్రతివాడికీ ఈ సమస్య ఎదురయ్యేదే.

ఇంకా పెద్దది వెల్డింగ్. తోక పొట్టిగా కావాలంటే వెనక ఫ్రేమ్ కోయాలి. ఖరీదైన బైకుల్లో ఆ వెనక భాగం బోల్టులతో విడిగా వస్తుంది. మన రోడ్ల మీద తిరిగే చాలా బైకుల్లో మెయిన్ ఫ్రేమ్‌కే అతికి ఉంటుంది. గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో కోయించి అతికిస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది. అతుకు పక్కనే వేడికి బలం తగ్గిన పైపులో మాత్రం గుంతల రోడ్డు మీద నెలలు గడిచాక పగులు మొదలవుతుంది. విరిగేది ఒంటరిగా ఉన్నప్పుడా, వెనక చెల్లెలు కూర్చున్నప్పుడా అన్నది ఎవరి చేతిలోనూ ఉండదు. ట్యాంక్ సంగతైతే చెప్పక్కర్లేదు. ఖాళీగా కనిపించే ట్యాంక్‌లో మిగిలిన పెట్రోల్ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

తోక లేపి, ముందు ఫోర్క్ దించితే బైక్ చూపు కోపంగా మారుతుంది, నిజమే. దాంతో పాటు స్టీరింగ్ కోణం కూడా మారిపోతుంది. స్పీడులో హ్యాండిల్ గజగజలాడే జబ్బు అక్కడే మొదలవుతుంది. సన్నటి రిమ్ మీద లావు టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి నొక్కుకుపోయి, మలుపులో పట్టు పెరగాల్సింది పోయి తగ్గుతుంది.

వీటిలో ఏ ఒక్కటీ రోడ్ రోలర్ కింద నలగదు. తనిఖీల్లో పెద్దగా బయటపడదు కూడా. పోలీసులు ఆపేది చప్పుడు వచ్చే బండిని. బ్రేక్ హోస్ చాలని బండి నిశ్శబ్దంగా పక్క నుంచే వెళ్లిపోతుంది.

బ్రిటన్‌లో ఒక గేటు ఉంది

స్ట్రీట్‌ఫైటర్ పుట్టిన బ్రిటన్ దీన్ని పూర్తిగా వదిలేయలేదు, పూర్తిగా బంద్ చేయలేదు. అక్కడ ఎంఎస్‌వీఏ అనే పరీక్ష ఉంది. ఇంట్లో కట్టిన బైక్, రకరకాల బండ్ల పార్టులతో చేసిన బైక్, రూపు పూర్తిగా మార్చేసిన బైక్.. ఒక్క బండి అయినా సరే, ప్రభుత్వ కేంద్రానికి తీసుకెళ్లి ఫీజు కట్టి చెక్ చేయించుకోవచ్చు. బ్రేకులు, లైట్లు, శబ్దం, పదునైన అంచులు అన్నీ చూస్తారు. పాసైతే రోడ్డెక్కొచ్చు. సైలెన్సర్ మీద ఆమోద ముద్ర ఉండాలి, రోడ్డుకు పనికిరాదని రాసి ఉంటే కుదరదు. జర్మనీలోనూ టీయూవీ లాంటి సంస్థల ఇంజినీర్లు మార్పుల్ని తనిఖీ చేసి కాగితం ఇస్తారు. రూల్స్ మన కంటే కఠినమే, కానీ వాటికి ఒక గేటు ఉంది.

మన దగ్గర పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థలు పరీక్షలు చేస్తాయి. కానీ ఆ దారి ప్రధానంగా వేల బండ్లు తయారుచేసే కంపెనీల కోసం వేసింది. పాతిక వేలు పెట్టి పాత బైక్ కొన్నవాడు ఆ గడప తొక్కే అవకాశం లేదు. అలాగని మన చట్టానికి మినహాయింపులు తెలియవా అంటే తెలుసు. సీఎన్‌జీ కిట్‌కు దారి ఉంది. ఎలక్ట్రిక్ కిట్‌కు ఉంది. దివ్యాంగుల స్కూటర్‌కు పక్క చక్రాలు బిగించి ఆర్సీలో ఎక్కించుకునే పద్ధతీ ఉంది. ఆమోదం ఉన్న పార్టు, చూసే అధికారి, రాసే కాలమ్.. మూడూ ఇప్పటికే ఉన్నాయి. ఫ్రేమ్ కోయకుండా బోల్టులతో బిగించే హ్యాండిల్, లైట్, టెయిల్ లాంటివాటికి ఇదే పద్ధతి ఎందుకు పెట్టకూడదన్న ప్రశ్న మాత్రం ముందుకు కదలడం లేదు.

దానికి ఒక కారణం కూడా ఉంది. రోడ్డు మీద కనిపించే మార్పుల్లో ఎక్కువ భాగం నిజంగానే గోల సైలెన్సర్లు, కళ్లు చెదరగొట్టే ఎల్‌ఈడీలు, వంచిన నంబర్ ప్లేట్లు. వాటిని చూసి చూసి విసిగిపోయిన జనం దగ్గర, అధికారుల దగ్గర మిగతావాళ్ల మాటకు విలువ లేకుండా పోయింది. ఆన్‌లైన్‌లో ఆ సైలెన్సర్లు ఇంటికే డెలివరీ అవుతుంటే, కొన్నవాడి బండి మాత్రమే స్టేషన్‌కు వెళ్తోంది.

ఇన్సూరెన్స్ దగ్గర ఇంకో దెబ్బ. మార్పుల గురించి కంపెనీకి చెప్పకపోతే, ప్రమాదం తర్వాత సొంత డ్యామేజ్ క్లెయిమ్‌లో సర్వేయర్ మొదట పట్టుకునేది దాన్నే. పాలసీ తీసుకునేటప్పుడు నోరు విప్పనివాళ్లకు ఆ రోజు చెప్పడానికి ఏమీ మిగలదు.

అందుకే జాగ్రత్త తెలిసినవాళ్లు వేరే లెక్కలో వెళ్తున్నారు. ఫ్రేమ్‌ని ముట్టుకోరు. సైలెన్సర్, ఇండికేటర్లు, అద్దాలు, శారీ గార్డ్ కంపెనీవే ఉంచుతారు. రంగు మారిస్తే ఆర్టీఏలో రాయించుకుంటారు. నిజంగా అన్నీ మార్చేసిన బైక్ కావాలనుకున్నవాళ్లు దాన్ని రోడ్డెక్కించకుండా ట్రాలీలో వేసుకుని చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌కో, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేకో తీసుకెళ్తారు. తెలుగు రాష్ట్రాల నుంచి అది ఒక రాత్రి ప్రయాణం, టోల్, డీజిల్ ఖర్చు అదనం.

మిగిలినవాళ్ల దగ్గర ఒక గోనె సంచి ఉంటుంది. విప్పిన పాత హ్యాండిల్, తోక, మడ్‌గార్డ్, కంపెనీ సైలెన్సర్ అన్నీ దాంట్లో కట్టి అటక మీద పెడతారు. బైక్‌కు 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసం ఆర్టీఏలో బండి చూపించాలి. ఆ ముందు రోజు రాత్రి ఆ సంచి కిందికి దిగుతుంది.