కీ ఇచ్చే వాచీ

మా ఇంట్లో ఒక వాచీ ఆగిపోయింది. ఇదీ ఒక వార్తేనా అని మీరు నవ్వవచ్చు. ఈ రోజుల్లో టైము చూసుకోవడానికి వాచీ ఎవరికి కావాలి? నా జేబులో సెల్‌ఫోను ఉంది. వంటింట్లో గోడ గడియారం ఉంది. మా అబ్బాయి ముంజేతికి, నడిచిన అడుగులు లెక్కపెట్టే యంత్రం ఒకటి ఉంది. అయినా ఆ ఒక్క వాచీ ఆగిన రోజున మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

అది మా నాన్నగారిది. 1974లో ఆయన పెళ్ళికి మా తాతగారు, అంటే అమ్మ నాన్నగారు, పెట్టిన హెచ్.ఎం.టి. జనతా. అల్లుడికి సైకిలో, రేడియోయో, వాచీయో పెట్టడం అప్పటి మర్యాద. జపానులోని సిటిజెన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగుళూరులో మొదలైన ఫ్యాక్టరీ వాచీలు మన మధ్యతరగతి పెళ్ళిపందిళ్ళ దాకా వచ్చిన కాలమది. బ్యాటరీ ఉండదు. రోజూ కీ ఇస్తేనే నడుస్తుంది.

నాన్నగారు పోయి పదకొండు నెలలయింది. అప్పటినుంచీ అమ్మ ప్రతి ఉదయం కాఫీ తాగి, దేవుడి అలమారులోంచి ఆ వాచీ తీసి, కీ ఇచ్చి, ఒక్క క్షణం చెవి దగ్గర పెట్టుకుని, మళ్ళీ అక్కడే పెట్టేస్తోంది. మేమెవరమూ ఆ సంగతి ఎత్తేవాళ్ళం కాము. ఎత్తితే ఏమవుతుందో మాకు తెలుసు.

ఒకనాటి ఉదయం అమ్మ నా గది గుమ్మంలో వచ్చి నిలబడింది.

"కీ తిరగడం లేదురా. బిగుసుకుపోయింది. చప్పుడు కూడా లేదు. నిన్న నేనే ఎక్కువ తిప్పేశాను కాబోలు. నా చేతులారా పాడు చేశాను."

వాచీయే కదమ్మా, బాగుచేయిస్తాను, అన్నాను. అమ్మ ఆ మాట వినిపించుకోలేదు. "నేనే పాడు చేశాను" అని మధ్యాహ్నం ఒకసారి, దీపం పెట్టే వేళ ఒకసారి అంది.

ఆ సాయంత్రమే బజారులో ఒక పెద్ద దుకాణానికి వెళ్ళాను. అద్దాల తలుపులు, చల్లటి గాలి. గల్లాపెట్టె పక్కనున్న కుర్రవాడు వాచీని చెవి దగ్గర పెట్టుకుని పెదవి విరిచాడు.

"దీనికి డబ్బు పెట్టడం దండగ సార్. పార్టులు దొరకవు. లోపల బ్యాటరీ మెషిను వేసేస్తాం. కేసు, డయలు, అద్దం అన్నీ ఇవే ఉంటాయి. ఎవరూ పోల్చుకోలేరు."

పార్టుల సంగతి అతను బొత్తిగా అబద్ధమాడలేదు. ఆ వాచీల కంపెనీని మూసెయ్యాలని ప్రభుత్వం 2016లో నిర్ణయించింది. ఇప్పుడు పార్టు కావాలంటే పాత వాచీలు విప్పి తీసుకోవలసిందే. అయితే నన్ను లొంగదీసింది ఆ మాట కాదు, "ఎవరూ పోల్చుకోలేరు" అన్నమాట. అమ్మకు చెప్పనక్కర లేదు. వాచీ నడుస్తుంది, అమ్మ మనసు కుదుటపడుతుంది. క్లాసులో హరిశ్చంద్రుడి సత్యవ్రతం గురించి గంటసేపు ఊదరగొట్టే నేను, మారు మాటాడకుండా రెండు వందలు అడ్వాన్సు ఇచ్చి ఇంటికి వచ్చేశాను.

మర్నాడు ఉదయం నేను పేపరు చదువుతున్నాను. అమ్మ కాఫీ తాగి, అలవాటుగా అలమారు తలుపు తీసింది. వాచీ లేదు. తలుపు వేసి వచ్చి కుర్చీలో కూచుంది. చూస్తూ ఉండగానే ఆమె బొటనవేలూ చూపుడువేలూ ఒకదానిమీద ఒకటి మెల్లగా కదిలాయి, ముందుకీ వెనక్కీ, కీ తిప్పుతున్నట్టు. ఆ సంగతి ఆమెకు తెలియదు.

నా గుండె గుభేలుమంది. బ్యాటరీ మెషినుకు కీ ఇవ్వడమంటూ లేదు. ముళ్ళు సరిచెయ్యడానికి కీ లాగవచ్చు గాని, తిప్పితే చుట్టుకునే స్ప్రింగు అందులో ఉండదు. వాచీ చేతికి వచ్చిన మొదటి ఉదయమే అమ్మకు తెలిసిపోతుంది. తెలియకపోయినా, రోజూ ఉత్తుత్తి కీ తిప్పే తల్లిని చూస్తూ పేపరెలా చదవను?

కాలేజీకి సెలవు చెప్పి, దుకాణం తలుపులు తీసేదాకా మెట్లమీద కూచున్నాను. అదృష్టం, వాచీ ఇంకా విప్పలేదు. అడ్వాన్సు మాత్రం వెనక్కి రాలేదు. అబద్ధానికి ఆ మాత్రం జరిమానా ఉండవలసిందే అనుకున్నాను.

మా కాలేజీ అటెండరు చెబితే, విజయవాడ గవర్నరుపేటలో ఒక సందులో, మేడమెట్ల కింద కూచునే పెద్దాయన దగ్గరకు వెళ్ళాను. ఒక బల్ల, దానిమీద అద్దాల పెట్టె, చుట్టూ స్క్రూలూ చక్రాలూ నింపిన మాత్రల డబ్బాలు. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని, వెనక మూత విప్పి, చాలాసేపు చూశారు.

"ఎవరు కీ ఇస్తారు మాస్టారూ?"

"మా అమ్మగారండీ. ఎక్కువ తిప్పి పాడు చేశానని బాధపడుతోంది."

ఆయన తల అడ్డంగా ఊపారు. "ఆ తప్పు ఆవిడది కాదు. స్ప్రింగు నిండుగా చుట్టుకుని ఉంది, బలం ఉంది. చక్రాలు కదలడం లేదు. నూనె ఎండి జిగురైపోయింది. కీ నిండాక ఇక తిరగదు, అంతే. పట్టుకుని బలవంతంగా మెలితిప్పితే తెగుతుంది గాని, మామూలుగా తిప్పినందుకు ఏ వాచీ ఆగదు."

"ఈ మాట మా అమ్మతో నేను చెబితే నమ్మదండీ."

"అయితే అమ్మగారినే తీసుకురండి. చూపిస్తాను."

మర్నాడు ఆటోలో అమ్మను తీసుకువెళ్ళాను. పెద్దాయన తన స్టూలు ఆమెకు ఇచ్చి, భూతద్దం చేతికిచ్చారు. సూది మొనతో ఒక్కొక్కటే చూపించారు. కీ తిప్పితే చుట్టుకునేది మెయిన్ స్ప్రింగు. అది విడివడుతూ పళ్ళచక్రాలను తిప్పుతుంది. చివర బ్యాలెన్సు చక్రం, దానికి తలవెంట్రుకలాంటి హెయిర్ స్ప్రింగు. ఆ చక్రం ఇటూ అటూ ఊగుతూ బలాన్ని ఒక్కసారిగా పోనియ్యకుండా లెక్క ప్రకారం వదులుతుంది. మనం వినే టిక్కుటిక్కు అదే. ఈ వాచీలో గంటకు 18,000 సార్లు. అంటే సెకనుకు అయిదు, రోజుకు 4,32,000.

"ఇన్నిసార్లు తిరిగే ఇరుసులు అరిగిపోవా?" అంది అమ్మ.

"అందుకే రాళ్ళమ్మా. పదిహేడున్నాయి."

రాళ్ళంటే అమ్ముకునే కెంపులు కావు. ఫ్యాక్టరీలో తయారుచేసినవి. ఇరుసు మొనలు ఆ రాళ్ళ బెజ్జాల్లో తిరుగుతాయి. రాళ్ళకు బెజ్జం వేసి గడియారాల్లో వాడే పద్ధతికి లండనులో 1704లోనే పేటెంటు ఇచ్చారు. ఆ బెజ్జాల్లో సూదిమొనంత నూనె ఉండాలి. నాలుగైదేళ్ళకు అది ఎండుతుంది, దుమ్ముతో కలిసి ముద్దవుతుంది. అప్పుడు వాచీ మొత్తం విప్పి, కడిగి, కొత్త నూనె వెయ్యాలి. సర్వీసింగంటే అదీ. ఆగిపోయేదాకా ఆగడమే మనం చేసే పొరపాటు.

పెద్దాయన వెనక మూత తిప్పి లోపలివైపు చూపించారు. సూదితో గీసిన సన్నని అంకెలు: 78, 82, 85, 89, 93. బాగుచేసినవాళ్ళు గుర్తుకోసం అలా గీసుకుంటారట. 93 తరవాత ఏమీ లేదు.

1994లో నేను ఇంటర్మీడియట్‌లో చేరాను. వెంటనే నా మనసులో ఒక కథ అల్లుకుపోయింది: నా చదువుకోసం నాన్నగారు తన వాచీని కూడా పస్తు పెట్టారని. తెలుగు మాస్టర్లకు ఇదొక జబ్బు. అమ్మ ఒక్క మాటతో ఆ కథ తుంచేసింది.

"మా ఊళ్ళో వాచీలు బాగుచేసే ఆయన ఆ మరుసటేడు పోయాడు. ఇంకొకరి చేతిలో పెట్టడానికి మీ నాన్నకు మనసొప్పలేదు."

నాన్నగారు రోజూ ఉదయం రేడియోలో వార్తలు మొదలయ్యే వేళకు వాచీ పట్టుకుని కూచుని ముళ్ళు సరిచేసుకునేవారు. అదంతా ఆయన చాదస్తమని నేనూ మా చెల్లెలూ నవ్వుకునేవాళ్ళం. వాచీ వెనకబడుతోందని ఆయనకు తెలుసు. పరాయి చేతికి ఇవ్వలేక, రోజూ తనే సరిదిద్దుకున్నారు. చివరి రోజుల్లో అదీ మానేశారు.

"డయలు పసుపెక్కింది, కొత్త రంగు వేయించమంటారా?" అని అడిగాను.

"వద్దు మాస్టారూ. రంగు వేస్తే అది పాతదీ కాదు, కొత్తదీ కాదు. తుడవను కూడా తుడవను, అంకెలు లేచిపోతాయి."

పదిరోజులు పట్టింది. మెయిన్ స్ప్రింగు ఒక్కటే మార్చారు. తీసేసిన పాత స్ప్రింగును కాగితంలో చుట్టి, అడగకుండానే చేతికిచ్చారు. మంచి పనివాడికి అదొక గుర్తు సుమండీ. మీరైతే మొదటే అడిగి పెట్టుకోండి. మూత బిగించే ముందు 93 కింద కొత్త సంవత్సరం గీసి అమ్మకు చూపించారు. రోజూ ఒకే వేళకు కీ ఇమ్మన్నారు. వేలికి గట్టిగా తగిలినచోట ఆపమన్నారు. సెల్‌ఫోను, స్పీకరు పక్కన పెట్టవద్దన్నారు. అయస్కాంతం సోకితే హెయిర్ స్ప్రింగు చుట్లు అంటుకుని వాచీ పరుగెడుతుందట. నాలుగేళ్ళకొకసారి తీసుకురమ్మన్నారు.

పూర్వం మనవాళ్ళు గడియకుడుకతో కాలం కొలిచేవారు. అడుగున బెజ్జమున్న చిన్న గిన్నె నీళ్ళమీద తేలుతూ, నిండి మునిగితే ఒక గడియ, అంటే 24 నిమిషాలు. మునిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు తీసి, వంచి, మళ్ళీ తేల్చాలి. మనిషి లేకపోతే గడియ లేదు. కీ వాచీ కూడా ఆ వంశానిదే. దాని లోపమని ఆ దుకాణం కుర్రవాడు అనుకున్నదే మా అమ్మకు కావలసిన గుణం.

ఇంటికి వచ్చాక అమ్మ వాచీ చెవి దగ్గర పెట్టుకుంది. ఈసారి ఒక్క క్షణం కాదు, చాలాసేపు. తరవాత నా చెయ్యి లాగి ముంజేతికి కట్టింది.

"అలమారులో ఎందుకు, నువ్వు పెట్టుకో. కీ మాత్రం నేనే ఇస్తాను."

అంచేత ఇప్పుడు రోజూ ఉదయం ఆరున్నరకు, కాఫీ వేళకు, నేను అమ్మ ఎదుట చెయ్యి చాపి నిలబడవలసి వస్తోంది. కాలేజీకి మాత్రం ఇంతవరకూ ఆలస్యం కాలేదు.